తెలుగు సమాజంలో క్వీర్ జీవితం: ఇల్లు, వేషం, చుట్టరికం

క్వీర్ అన్న మాట కింద ఇవాళ చాలామంది చేరుతున్నారు. స్త్రీనే ప్రేమించే స్త్రీలు, పురుషుణ్నే ప్రేమించే పురుషులు, ఇద్దరి మీదా మనసు పోయేవారు, పుట్టినప్పుడు నలుగురూ చెప్పిన లింగం తమది కాదని తెలుసుకున్న ట్రాన్స్ స్త్రీలు, ట్రాన్స్ పురుషులు, ఆడా మగా అన్న రెండు గళ్ళలో దేనిలోనూ ఇమడనివారు, మధ్యలింగ శరీరంతో పుట్టినవారు, తమకంటూ గురుపరంపర, కట్టుబాట్లు ఉన్న హిజ్రాలు, ఎల్లమ్మకు అంకితమైన జోగప్పలు, శివసత్తుల్లో కొందరు. వీళ్ళందరి బతుకూ ఒకటి కాదు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే గే యువకుడికీ, సికింద్రాబాద్‌లో రైలెక్కి చప్పట్లు కొట్టి చేయి చాచే హిజ్రాకూ కులం, చదువు, డబ్బు ఏవీ కలవకపోవచ్చు. ఇద్దరినీ వెంటాడే ప్రశ్న మాత్రం ఒక్కటే: మా ఇంట్లో నాకు చోటుందా?

తెలుగునాట క్వీర్ మనుషుల చరిత్రను కోర్టు తీర్పుల వరుసగా చెప్పడం ఈమధ్య అలవాటైంది. తీర్పులు ముఖ్యమే, వాటి సంగతి ఈ వ్యాసంలోనూ వస్తుంది. కానీ ఇక్కడి మనుషులు చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. అంతకు చాలా ముందే వరసలు కలుపుకున్నారు, ఒకే పొయ్యి మీద వండుకున్నారు, జబ్బు చేస్తే ఒకరి మంచం దగ్గర ఒకరు కూర్చున్నారు. ఆ చుట్టరికాన్ని చూడకుండా తీర్పులు మాత్రమే చదివితే సగం కథే తెలుస్తుంది.

2011 జనగణనలో మొదటిసారిగా స్త్రీ, పురుష గళ్ళ పక్కన 'ఇతరులు' అన్న గడి పెట్టారు. దేశం మొత్తం మీద 4,87,803 మంది ఆ గడిలో నమోదయ్యారు. వారిలో 43,769 మంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. ఉత్తరప్రదేశ్ తర్వాత అదే పెద్ద అంకె. అయితే ఇంటికి వచ్చిన ఎన్యూమరేటర్‌కు జవాబు చెప్పేది ఇంటి పెద్ద. కొడుకనుకుంటున్న బిడ్డను 'ఇతరులు' అని రాయించే తండ్రులు ఎందరుంటారు? ఎవరు ఎవరిని ప్రేమిస్తారన్నది జనగణన అసలు అడగలేదు. కాబట్టి ఆ అంకెను ఉనికికి సాక్ష్యంగా తీసుకోవచ్చు గానీ కొలతగా తీసుకోలేం.

వేదిక మీదా, జాతరలోనూ

మగవాడు చీర కట్టడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. కూచిపూడిలో తరతరాల పాటు స్త్రీ పాత్రలు మగవాళ్ళే వేసేవారు. భామాకలాపంలో సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) జడ ముందుకు వేసుకుని నడిచి వస్తే తెలుగు ప్రేక్షకులు మైమరచిపోయారు. అంతకు ముందు తరంలో స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా రంగస్థలాన్ని ఏలారు. ప్రభుత్వం 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఈ నటులను క్వీర్ అనడం తప్పు. వారిది విద్య, వృత్తి, కూచిపూడి విషయంలోనైతే కొన్ని బ్రాహ్మణ కుటుంబాలకు దక్కిన హక్కు కూడా. పరిశోధకురాలు హర్షిత కామత్ 2019లో వెలువరించిన తన పుస్తకంలో ఈ కులం కోణాన్నే లోతుగా పరిశీలించారు. ఇక్కడ గమనించాల్సింది ప్రేక్షకులను. రంగు పూసుకుని వేదిక ఎక్కిన మగవాడి వాలుచూపుకు చప్పట్లు కొట్టిన ఊరే, రంగు లేకుండా అదే నడక నడిచిన కుర్రవాణ్ని 'ఆడంగి' అని వెక్కిరించింది. వేషానికి మెప్పు, స్వభావానికి ఎగతాళి. ఈ రెండు కొలతలూ మన దగ్గర ఇప్పటికీ పక్కపక్కనే నడుస్తున్నాయి.

జాతరది మరో దారి. ఏటా మే నెలలో తిరుపతిలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ఆధారం ఒక కథ. ఆడపిల్లలను చెరబట్టే పాలెగాణ్ని గంగమ్మ రోజుకో వేషంలో వెతికి వెతికి చంపుతుంది. ఆ వేషాలు కట్టేది కైకాల వంశపు మగవాళ్ళు. వాళ్ళతోపాటు ఊళ్ళోని మామూలు మగవాళ్ళు, చిన్నపిల్లల దగ్గర్నుంచి నడివయసు వాళ్ళ దాకా, మొక్కు తీర్చుకోవడానికి ఆడవేషం వేస్తారు. ఇంట్లో ఆడవాళ్ళే దగ్గరుండి కుచ్చిళ్ళు సర్దుతారు, సవరం పెట్టి జడ అల్లుతారు, గాజులు తొడుగుతారు, పైట జారకుండా పిన్నులు పెడతారు. మీసం మాత్రం చాలామంది తియ్యరు. అలా మీసమూ ముక్కుపుడకా కలిసిన ముఖంతో బజారు మధ్యలో నడిచిపోతుంటే ఎవరూ వింతగా చూడరు, అమ్మవారి పని కదా. జాతర అయ్యాక చీర బీరువాలోకి వెళ్ళిపోతుంది. కొందరికి ఆ ఒక్కరోజు చాలదు.

చాలనివారికి తెలంగాణలో శివసత్తుల దారి ఉంది. కొమురవెల్లి మల్లన్న దగ్గర, బోనాల్లో, ఎల్లమ్మ పండుగల్లో ముఖాన పసుపు, నుదుట బండారు, చేతిలో వేపమండలతో పూనకంలో ఊగేవాళ్ళలో ఆడవాళ్ళతోపాటు చీర కట్టిన మగపుట్టుక వాళ్ళూ ఉంటారు. దేవుడు ఆవహించినవారిని ఊరు కొట్టదు, కాళ్ళకు మొక్కుతుంది. బోనాల్లో ట్రాన్స్ స్త్రీలు బోనమెత్తుకుని రావడం హైదరాబాద్‌లో ఇప్పుడు మామూలు దృశ్యం. మొక్కిన చేతులే మర్నాడు అద్దెకు ఇల్లివ్వడానికి ఎందుకు వెనక్కి పోతాయన్నది ఆ స్త్రీలు ఏళ్ళుగా అడుగుతున్న మాట.

హిజ్రా ఇల్లు

హైదరాబాద్, సికింద్రాబాద్ హిజ్రాల జీవితం గురించి వివరంగా తెలియాలంటే మానవశాస్త్రవేత్త గాయత్రి రెడ్డి 2005లో ప్రచురించిన అధ్యయనం తప్పనిసరిగా చూడాలి. జంట నగరాల్లో ఏళ్ళ తరబడి వారి మధ్య తిరిగి ఆమె రాసిన పుస్తకమది. దేశంలో హిజ్రాలకు ఏడు 'ఇళ్ళు' అంటే వంశాలు ఉన్నాయని చెప్పుకుంటారు. జంట నగరాల్లో స్థిరపడినవి ప్రధానంగా రెండు: షహర్‌వాలాలు, లష్కర్‌వాలాలు. పాతబస్తీ వైపు వాళ్ళది షహర్. లష్కర్ అంటే సికింద్రాబాద్ అని ఇక్కడివాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఇంటికి గురువు తల్లి, తండ్రి, అత్త, యజమాని అన్నీ. కొత్తగా వచ్చిన మనిషి పెద్దల సమక్షంలో ఒక గురువు పేరు మీద 'రీత్' పెట్టుకుంటుంది. ఆ రోజు నుంచి ఆమె ఆ గురువుకు చేలా, అంటే శిష్యురాలు. గురువుకు గురువు నానీ, తోటి చేలాలు గురుబాయిలు, చేలాకు చేలా అయితే నాతీ చేలా. పెద్దవాళ్ళు ఎదురైతే 'పాంపడ్తీ' అనాలి, వాళ్ళు 'జియో' అని దీవించాలి. ఎవరి ఇంటిదానివి, ఎవరి చేలావి అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే దేశంలో ఏ ఊరు వెళ్ళినా హిజ్రాకు ఒక పూట భోజనం, పడుకోవడానికి చాప దొరుకుతాయి. ఇంట్లోంచి తరిమేస్తే పదిహేనేళ్ళ వయసులో కట్టుబట్టలతో రైలెక్కిన మనిషికి ఆ రెండు జవాబులు ఎంత విలువైనవో ఊహించవచ్చు. గురుచేలా బంధం కాక ఇష్టపడి కలుపుకునే తల్లీకూతుళ్ళ వరసలు, అక్కాచెల్లెళ్ళ వరసలు వేరే ఉంటాయి. వీటిలో పెత్తనం తక్కువ, ప్రేమ ఎక్కువ.

మతం సంగతి కూడా ఈ ఇంట్లో విడ్డూరంగా కలిసిపోయి ఉంటుంది. గుజరాత్‌లోని బహుచరా మాతను కులదేవతగా కొలుస్తారు. అదే సమయంలో హైదరాబాద్ హిజ్రాలు, హిందూ కుటుంబాల్లో పుట్టినవాళ్ళు సైతం, తమను ముస్లింలుగా చెప్పుకోవడం, ఆ ఆచారాలు పాటించడం గాయత్రి రెడ్డి నమోదు చేశారు. తెలుగు, ఉర్దూ, తమలో తాము మాట్లాడుకునే రహస్య భాష మూడూ ఒకే వాక్యంలో దొర్లుతుంటాయి.

ఈ ఇంటిని స్వర్గంగా చూపించడం న్యాయం కాదు. సంపాదనలో వాటా గురువుకు ఇవ్వాలి. ఇంటిపని చేలాలదే. ఒక గురువును వదిలి మరో గురువు దగ్గరికి పోతే జరిమానా కట్టాలి, ఆ బాకీ తీరడానికి ఏళ్ళు పట్టవచ్చు. ఇళ్ళ మధ్య, బధాయి (శుభకార్యాల్లో దీవించి తీసుకునే కానుక) అడిగే ఇలాకాల మధ్య తగాదాలు రక్తం కళ్ళజూసిన సందర్భాలున్నాయి. పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ కొత్త దుకాణాలకూ వెళ్ళి దీవించి బతికేవాళ్ళు, ఒళ్ళమ్ముకుని బతికేవాళ్ళను ఇజ్జత్ లేనివాళ్ళుగా తక్కువ చూడటం కూడా ఉంది. ఇటీవలి తరం ట్రాన్స్ స్త్రీల్లో చాలామంది ఈ కట్టుబాట్లు వద్దనుకుని చదువు, ఉద్యోగం వైపు వెళ్తున్నారు. వెళ్ళినవాళ్ళలో చాలామంది గురువుతో మాట మాత్రం తెంచుకోలేదు. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే 'మీకేమవుతారు?' అని అడిగినప్పుడు సంతకం పెట్టడానికి ముందుకొచ్చేది ఇప్పటికీ ఆ గురువో, గురుబాయో.

1329 ఫస్లీ చట్టం

బ్రిటిష్ పాలకులు 1871లో నేరస్థ జాతుల చట్టం చేసినప్పుడు దాని రెండో భాగంలో 'నపుంసకులు' అన్న పేరుతో హిజ్రాలను చేర్చారు. వారి పేర్లు, ఆస్తులు పోలీసు రిజిస్టర్‌లోకి ఎక్కించాలన్నారు. ఆ నమూనాలోనే నిజాం రాజ్యం 1329 ఫస్లీలో, అంటే 1919లో, హైదరాబాద్‌కు సొంత చట్టం చేసుకుంది. పిల్లలను ఎత్తుకుపోతారనీ, వారికి విత్తు కొడతారనీ అనుమానం ఉన్నవారందరి పేర్లతో రిజిస్టర్ పెట్టాలి. అందులో పేరున్న మనిషి ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, జనం మధ్య పాడినా ఆడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ళ దాకా జైలు. పదహారేళ్ళలోపు మగపిల్లవాడు ఆమె దగ్గర ఉంటే అది మరో నేరం.

చీర కట్టుకోవడమే నేరమైన ఈ చట్టం నిజాం పోయినా పోలేదు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా పోలేదు, తెలంగాణ వచ్చాక పేరు మార్చుకుని అలాగే కొనసాగింది. హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగిలి, మరికొందరు 2018లో హైకోర్టుకు వెళ్ళారు. 2023 జులై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర రెడ్డిల ధర్మాసనం దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఒక జనసమూహం మొత్తాన్ని పుట్టు నేరస్థులుగా చూడటం సమానత్వానికీ, గౌరవంగా బతికే హక్కుకూ విరుద్ధమని తేల్చింది. అక్కడితో ఆగకుండా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛను ఇవ్వాలనీ, విద్య, ఉద్యోగాల్లో రిజర్వేషన్ కల్పించాలనీ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. శతాబ్దం దాటిన అవమానాన్ని తుడిచేసిన తీర్పు ఇది. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి చోటు దక్కాలి.

దేశస్థాయి పరిణామాలు పాఠకులకు తెలిసినవే కనుక క్లుప్తంగా: 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ను ఢిల్లీ హైకోర్టు 2009 జులై 2న పెద్దలమధ్య పరస్పర ఇష్టంతో జరిగే సంబంధాలకు వర్తించదంది. సుప్రీంకోర్టు 2013 డిసెంబర్ 11న ఆ తీర్పును తిరగ్గొట్టి, 2018 సెప్టెంబర్ 6న తన తప్పు తానే దిద్దుకుంది. 2014 ఏప్రిల్ 15న అదే కోర్టు ఇచ్చిన నల్సా తీర్పు, తన లింగమేదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనంది. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం మాత్రం జిల్లా మెజిస్ట్రేట్ దగ్గర ధ్రువపత్రం తెచ్చుకోమంది. ట్రాన్స్ వ్యక్తిపై లైంగిక దాడికి గరిష్ఠ శిక్ష రెండేళ్ళేనంది. స్త్రీపై జరిగితే ఘోరనేరమైనది, ట్రాన్స్ స్త్రీపై జరిగితే చిన్న నేరం ఎలా అవుతుందని సంఘాలు అడిగాయి. ఆ ప్రశ్నలో న్యాయముంది.

ధ్రువపత్రం మాట కాగితం మీద తేలిక. ఆచరణలో ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకో పేరు, రేషన్ కార్డులో తండ్రి చెప్పిన లింగం ఉంటాయి. చిన్నప్పుడే ఇల్లు వదిలినవారి దగ్గర ఇవేవీ ఉండవు. కాగితాలు అడగడానికి ఇంటికి వెళ్తే, ఏ ఇల్లు వద్దందో ఆ గడప ముందే మళ్ళీ నిలబడాలి. ఓటరు జాబితాలో 2009 నుంచి, పాన్ కార్డులో 2018 నుంచి వేరే గడి ఉంది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2017 డిసెంబర్‌లో ట్రాన్స్‌జెండర్ విధానాన్ని ఆమోదించి నెలకు 1,500 రూపాయల పింఛను ప్రకటించింది. 2024లో పింఛన్ల పెంపుతో అది 4,000 అయింది. వయసు మళ్ళి, చేలాలు దూరమై, రైళ్ళలో తిరగలేని హిజ్రాకు ఆ నాలుగు వేలు మందులకూ బియ్యానికీ ఆధారం.

ప్యాంటూ షర్టూ వేసుకున్నవాళ్ళు

హిజ్రాల వాడుకలో 'కడ చట్ల కోతి' అన్న మాట ఉందని గాయత్రి రెడ్డి రాశారు. కోతీ అంటే పురుషులను ఇష్టపడే, ఆడతీరున్న మగపుట్టుక మనిషి. మగబట్టల్లో తిరిగే, బయటికి మగవాడిగానే చలామణి అయ్యే కోతీలు వీళ్ళు. లెక్కకు అందనంతమంది. వీరిలో చాలామందికి పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలున్నారు. పగలు కిరాణా కొట్టు, ఆటో, గుమాస్తా పని. సాయంత్రం ఏ పార్కు మూలో, బస్టాండు వెనకో తమలాంటివాళ్ళతో నాలుగు మాటలు. అక్కడ ఒకరినొకరు 'అక్కా', 'ఏమే' అని పిలుచుకుంటారు. ఎవరి కొడుకు ఫీజుకు ఎవరు అప్పిచ్చారు, ఎవరి ప్రియుడు గల్ఫ్ వెళ్ళి ఫోన్ చెయ్యడం మానేశాడు వంటి కబుర్లు సాగుతాయి. చీకటి పడ్డాక ఎవరి ఇంటికి వాళ్ళు మామూలు మొహాలతో వెళ్ళిపోతారు. ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమాలు మొదట ఈ చోట్లకే వచ్చాయి. ప్రభుత్వ డబ్బు కండోముల కోసం వచ్చినా, ఆ పేరుతో దొరికిన ఒక గది, ఒక చాప, తలుపేసుకుని చీర కట్టుకుని అద్దంలో చూసుకునే వీలు చాలా ఊళ్ళలో సంఘాలకు పునాది వేశాయి.

ఇంటర్నెట్ వచ్చాక పార్కు పని చాలావరకు ఫోన్‌లోకి మారింది. ఫోన్‌తో ప్రమాదమూ వచ్చింది. 2011 ఫిబ్రవరిలో ఒక తెలుగు వార్తా ఛానెల్, గే యువకులు పరిచయాల కోసం వాడే వెబ్‌సైట్‌లోని ప్రొఫైళ్ళు తీసి, వారికి ఫోన్ చేసి, ఆ సంభాషణలను, ఫొటోలను హైదరాబాద్‌లో ఏదో ఘోరం జరిగిపోతున్నట్టు ప్రసారం చేసింది. వార్తా ప్రసారాల ప్రమాణాల సంస్థ ఛానెల్‌కు లక్ష రూపాయల జరిమానా వేసి, తెరమీద క్షమాపణ చెప్పించింది. అప్పటికి 377 మీద ఢిల్లీ తీర్పు అమల్లో ఉంది, అంటే ఆ యువకులు ఏ నేరమూ చెయ్యలేదు. అయినా ముఖం తెలిసిపోయాక ఊళ్ళో అమ్మానాన్నల ముందు నిలబడాల్సింది వాళ్ళే. నేటికీ నకిలీ ప్రొఫైళ్ళతో పిలిపించి, వీడియో తీసి, డబ్బు గుంజే ముఠాల ధైర్యం ఈ భయం మీదే ఆధారపడి ఉంది.

కనిపించని ఆడవాళ్ళు

అన్ని వ్యాసాల్లోనూ తక్కువగా వచ్చేది స్త్రీలను ప్రేమించే స్త్రీల సంగతి, ట్రాన్స్ పురుషుల సంగతి. వారు తక్కువమంది కావడం దీనికి కారణం కాదు. మగపిల్లవాడిగా పుట్టినవారికి ఇల్లు వదిలి రైలెక్కే దారి ఒకటైనా ఉంది, ఆడపిల్లగా పెరిగినవారికి గడప దాటడమే పోరాటం. హిజ్రా ఇల్లు లాంటి పాత ఆశ్రయం వీరికి లేదు. చదువుకని నగరానికి వస్తే హాస్టల్లో ఒకే గదిలో ఇద్దరు అమ్మాయిలుంటే ఎవరూ వేలెత్తి చూపరు, ఆ ఒక్క వెసులుబాటులో ఎన్నో ప్రేమలు చిగురించాయి. చదువు అయిపోగానే సంబంధాలు చూడటం మొదలవుతుంది. ఫొటోలు, జాతకాలు, పెళ్ళిచూపులు. 'ఇప్పుడే వద్దు' అన్న మాట ఒక ఏడాది పనిచేస్తుంది, రెండేళ్ళు పనిచేస్తుంది. తర్వాత ఫోన్ లాక్కోవడం, గదిలో పెట్టి తాళం వెయ్యడం, పూజారి దగ్గరికో మానసిక వైద్యుడి దగ్గరికో తీసుకుపోవడం.

2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చింది ఇలాంటి కేసే. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి నర్సీపట్నం తీసుకుపోయాడు. రెండో అమ్మాయి హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. ఆ యువతి మేజర్ అనీ, ఎవరితో ఉండాలన్నది ఆమె ఇష్టమనీ, తల్లిదండ్రులు అడ్డురాకూడదనీ ధర్మాసనం చెప్పింది. తండ్రికీ కూతురికీ మధ్య తగవును కూతురి ఇష్టం వైపు నిలబడి తీర్చిన ఈ తీర్పును, రెండు రాష్ట్రాల్లో తాళం వేసిన గదుల్లో ఉన్న అమ్మాయిలు తెలుసుకోవాలి. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేరళ కేసులో, ఇలాంటి పిటిషన్లు వచ్చినప్పుడు కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చేయవద్దని కింది కోర్టులకు మార్గదర్శకాలిచ్చింది.

వైద్యం పేరుతో జరిగే హింస గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ప్రేమను జబ్బుల జాబితాలోంచి తీసేసింది. భారత మానసిక వైద్యుల సంఘం 2018లో అది జబ్బు కాదని ప్రకటించింది. 'మారుస్తాం' అనే చికిత్స చేయడం వైద్యుడికి తగని ప్రవర్తన అని 2022లో జాతీయ వైద్య కమిషన్ తేల్చింది. కాబట్టి పిల్లను తీసుకొచ్చిన తల్లిదండ్రులకు మందు రాసిచ్చే వైద్యుడు సొంత వృత్తి నియమాలనే మీరుతున్నాడు.

పెళ్ళి విషయానికొస్తే, సుప్రీంకోర్టులో స్వలింగ వివాహాల కేసుకు పేరిచ్చిన సుప్రియో చక్రవర్తి హైదరాబాద్ వాసి. ఆయనా, అభయ్ డాంగ్ కలిసి 2021 డిసెంబర్‌లో బంధుమిత్రుల మధ్య వికారాబాద్ దగ్గర పెళ్ళి వేడుక జరుపుకున్నారు. తల్లిదండ్రులు పక్కన నిలబడ్డారు. ఆ పెళ్ళికి చట్టం గుర్తింపు ఇవ్వాలన్న పిటిషన్‌పై 2023 అక్టోబర్ 17న ఐదుగురు న్యాయమూర్తులూ వివాహం ప్రాథమిక హక్కు కాదన్నారు. జంటలకు చట్టబద్ధమైన గుర్తింపు, దత్తత విషయాల్లో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు చీలారు. రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేశారు. బీమా, ఆసుపత్రి సంతకం, ఇల్లు కొనడానికి రుణం, చనిపోయాక ఆస్తి, ఇవన్నీ జంటలు ఇప్పటికీ వీలునామాలతో, స్నేహితుల సాయంతో నెట్టుకొస్తున్నారు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మరో దిక్కున ఒక అడుగు ముందుకేసింది. పురుషుణ్ని పెళ్ళాడిన ట్రాన్స్ స్త్రీ కూడా స్త్రీయేననీ, భర్త, అత్తమామల క్రూరత్వంపై 498ఎ కింద ఫిర్యాదు చేయవచ్చనీ అంది. ఆ ప్రత్యేక కేసును ఆధారాలు చాలవని కొట్టేసినా సూత్రం నిలిచింది.

అక్షరమూ తెరా

తమిళనాడు హిజ్రా రచయిత్రి రేవతి ఆత్మకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం దక్కింది. హిజ్రా జీవితాన్ని లోపలి గొంతుతో తెలుగు పాఠకులకు వినిపించిన పుస్తకమిది. తెలుగులోనే పుట్టి పెరిగిన గొంతులు ఇంకా చాలా రావాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన కవి హోషంగ్ మర్చంట్ 1999లో భారతీయ గే రచనల సంకలనం 'యారానా'ను వెలువరించారు. అది ఇంగ్లిష్ పాఠకుల పుస్తకం. 

తెలుగు సినిమా దశాబ్దాలపాటు ఆడంగి పాత్రను నవ్వుకోవడానికే వాడుకుంది. థియేటర్లో పక్క సీట్లో తండ్రి పగలబడి నవ్వుతుంటే, తనలో ఏముందో అప్పుడప్పుడే తెలుస్తున్న కుర్రవాడు నవ్వలేకా మానలేకా కూర్చోవడం ఎన్ని ఊళ్ళలో జరిగిందో. ప్రశాంత్ వర్మ తీసిన 'అ!' (2018)లో నిత్యా మీనన్, ఈషా రెబ్బ పాత్రల ప్రేమను వెక్కిరింత లేకుండా చూపించడం అందుకే గుర్తుపెట్టుకోదగ్గది. టీవీలో జబర్దస్త్ లేడీ గెటప్పులు ఇదే నవ్వును ఇంటింటికీ తెచ్చాయి. ఆ గెటప్పులతోనే పేరు తెచ్చుకున్న ఒక కళాకారిణి తర్వాత ప్రియాంక సింగ్‌గా, ట్రాన్స్ స్త్రీగా 2021లో బిగ్‌బాస్ ఇంట్లోకి వచ్చింది. అంతకు ముందు 2019లో తమన్నా సింహాద్రి వచ్చింది. రోజూ రాత్రి భోజనాల వేళ ఒక ట్రాన్స్ స్త్రీ కూర వండటం, పోట్లాడటం, ఏడవటం చూసిన కుటుంబాలకు ఆ మనిషి ఇంట్లో మనిషైపోయింది. ఆ షోలో లోపాలెన్నున్నా ఈ మేలును కాదనలేం. 2017లో రచన ముద్రబోయిన చొరవతో మొదలైన 'ట్రాన్స్‌విజన్' యూట్యూబ్ ఛానెల్ తెలుగులోనూ ట్రాన్స్ మనుషుల గొంతు వినిపించింది. ఇక్కడ ప్రశ్నలడిగేదీ జవాబులు చెప్పేదీ ట్రాన్స్ మనుషులే.

రోడ్డు మీదికి

హైదరాబాద్‌లో మొదటి క్వీర్ ప్రైడ్ నడక 2013 ఫిబ్రవరిలో జరిగింది. ఢిల్లీ తీర్పు ఇచ్చిన నాలుగేళ్ళ వెసులుబాటులో పుట్టిన ధైర్యమది. ఆ ఏడాది చివరికే సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగ్గొట్టినా నడక ఆగలేదు. నగరాల్లో ప్రైడ్‌కు వచ్చేవాళ్ళలో కొందరు ముఖానికి మాస్కు కట్టుకుని నడవడం ఆ తొలి ఏళ్ళలో మామూలు. కెమెరా కంటే ఊళ్ళో బాబాయి వాట్సాప్ వాళ్ళకు ఎక్కువ భయం. విదేశాల్లోని తెలుగు పిల్లలకూ ఈ బాబాయి భయం తప్పలేదు. కాలిఫోర్నియాలో 1986లో మొదలైన త్రికోణ్ వంటి దక్షిణాసియా సంఘాలు ఇంటి భాష, పండుగ, వంట తెలిసినవాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడుకునే చోటును ఇచ్చాయి. అమెరికాలో 2015 నుంచి స్వలింగ పెళ్ళి చట్టబద్ధమే, కానీ గుంటూరులో అమ్మకు చెప్పడం అక్కడి కోర్టు చేతిలో లేదు.

ఎన్నికల్లోనూ పోటీ మొదలైంది. 2018లో చంద్రముఖి మువ్వల గోషామహల్ నుంచి, 2019లో తమన్నా సింహాద్రి మంగళగిరి నుంచి, 2023లో చిత్రపు పుష్పితలయ వరంగల్ తూర్పు నుంచి అసెంబ్లీకి నిలబడ్డారు. ఎవరూ గెలవలేదు. నామినేషన్ పత్రంలో తమ పేరు తాము ఎంచుకున్న పేరుగా రాయడమే పెద్ద అడుగు.

ఆరోగ్యం విషయంలో 2021లో నారాయణగూడలో తెరిచిన మిత్ర్ క్లినిక్ దేశంలోనే ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం ఏర్పడిన తొలి సమగ్ర క్లినిక్. అక్కడ పనిచేసేవాళ్ళలోనూ ట్రాన్స్ మనుషులుండేవారు. హార్మోన్ల గురించి సిగ్గుపడకుండా అడగగలిగేవారు, వేచి ఉండే బెంచీ మీద ఎవరూ పక్కకు జరిగి కూర్చునేవారు కాదు. 2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని ఆపేయగానే అది మూతపడింది. ఒక నగరంలోని వేలమంది ఆరోగ్యాన్ని పరాయి దేశపు బడ్జెట్‌కు వదిలేయడం మన ప్రభుత్వాల లోపం. ఆ లోటు కొంతైనా తీర్చగల మనుషులు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఉన్నారు. 2022 చివర్లో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ ఉస్మానియా ఆసుపత్రిలో చేరి తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగం పొందిన తొలి ట్రాన్స్ వైద్యులయ్యారు.

చదువులో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 2022లో హాస్టల్‌లో ఒక అంతస్తును ఆడా మగా తేడా లేకుండా కేటాయించింది. ఉద్యోగాల్లో చెప్పుకోదగ్గది 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసు విభాగం 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకోవడం. నిన్నటిదాకా సిగ్నల్ దగ్గర కారు అద్దం తట్టినవాళ్ళలో కొందరు ఇవాళ అదే సిగ్నల్ దగ్గర యూనిఫాంలో నిలబడి కారు ఆపుతున్నారు. నెల జీతం, గుర్తింపు కార్డు, డ్యూటీ చార్టులో తమ పేరు ఉన్నాయి. ఇక వాళ్ళలో ఎవరైనా డ్యూటీ చేసే చౌరస్తాకు దగ్గర్లో టులెట్ బోర్డు చూసి తలుపు తడితే, ఇంటి యజమాని అద్దె ఎంతో చెప్పాలి, అంతే.